మాతృభాష గడి గారికి రెండు చేతుల నమస్కారం

అయ్యా,

నిన్న మధ్యాహ్నం తమ దర్శనం కోసం నేనూ, మా అలీపూర్ దోస్తూ మూడు గంటలు క్యూలో నిలబడ్డాం. ఫారంలో పేరు, వయసు, చిరునామా గడులు బుద్ధిగా నిండాయి. తమరి దగ్గరికి రాగానే కంప్యూటర్ ముందున్నాయన చెయ్యి ఆగింది.

"మాతృభాష?"

"సైగల భాష. వాళ్ళ ఊరిది."

జాబితా పైకీ కిందికీ తిప్పి "లేదే" అన్నాడు. కాసేపు బుర్ర గోక్కుని, "పోనీ, వాళ్ళమ్మ ఏం మాట్లాడుతుంది?"

ఆమెకూ వినపడదయ్యా! కొడుకును చేతులతోనే బుజ్జగించింది, చేతులతోనే తిట్టింది, అదే చేత్తో రెండు వేసింది కూడా. అమ్మభాష అంటే ఇంకేం కావాలి?

ఆయన్ని అని లాభం లేదు. ఇది తమ వంశాచారం. 2011 జనాభా లెక్కల ఎన్యూమరేటర్లకు చెప్పిందీ ఇదే కదా: పసిపిల్లలకూ, చెవిటి మూగవాళ్ళకూ తల్లి మాట్లాడే భాషే రాసుకోండని. రంగురాళ్ళు చూసి ధర కట్టే నలభై ఏళ్ళ మనిషి తమ లెక్కలో ఉయ్యాల్లో పాపాయి. ఆ ఫారంలో 9వ ప్రశ్న వైకల్యం, 10వది మాతృభాష. తొమ్మిదిలో దొరికిపోయినవాణ్ణి పదిలో మళ్ళీ అడగడమెందుకు అనుకున్నారేమో.

ఆ ఏడాది జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వడపోశాక పట్టికకెక్కిన భాషలు 121. పదివేల మంది లేకపోతే పేరే రాదట. మా హిందూపురం నుంచి గౌరీబిదనూరు దాటి వెళితే వచ్చే అలీపూర్లో వినపడనివాళ్ళు వంద మందికి పైనే. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఊరు కాబట్టి చెవుడు ఇళ్ళల్లోనే దిగింది, దాంతోపాటే భాషా పుట్టింది. వినపడేవాళ్ళు కూడా నేర్చుకున్నారు. బేరానికీ, తగువుకీ దుబాసీ అక్కర్లేదు. ఇప్పుడు పిల్లలు పట్నం బడుల నుంచి ఇండియన్ సైన్ లాంగ్వేజ్ తెచ్చుకుంటున్నారు. తాత సైగ మోటుగా ఉందని మనవడు నవ్వుతాడట, మావాడు చెప్పుకుని బాధపడతాడు. స్థానిక సైగభాషలనూ నేర్పుతామని 2020 విద్యావిధానంలో రాశారు, వీలైన చోట. ఆ చోటు ఏ తాలూకాలో ఉందో.

ఖాళీగా వదిలేసినా ఊరుకునేవాణ్ణి. ఉర్దూ అని నింపుకున్నావు! పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఉర్దూ ముక్క చెవిన పడని మనిషికి! సిగ్గు లేదా నీకు?

మెట్లు దిగుతూ మావాడు నీ మీద ఒక సైగ విసిరాడు. టీ బంకు దగ్గర వాళ్ళూరి పెద్దాయన, శుభ్రంగా వినపడే మనిషే, అది చూసి టీ పొలమారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తెలుగులో రాసి పంపిద్దామనుకున్నాను గానీ, నీ గడిలో పట్టేట్టు లేదు.

ఇట్లు,
ఆ ఉర్దూ కింద సాక్షి సంతకం పెట్టిన పాపి