24+24 వారంటీ కార్డు గారికి

అయ్యా కార్డు గారూ,

పాత బొలెరో పికప్‌కి బ్యాటరీ మార్చాలని హన్మకొండలో ఏ షాపుకెళ్లినా ముందు తమరి దర్శనమే. డీజిల్ బండా, ఎన్ని ఆంపియర్లు కావాలి, ట్రేలో పడుతుందా అని అడిగే నాథుడు లేడు గానీ, 'నాలుగేండ్లు ఫికర్ లేదన్నా' అంటూ తమరిని చేతిలో పెడతారు. ఒక్కటి అడుగుతా, కోపం చేసుకోకండి. ఎనుమాముల మార్కెట్ గేటు ముందు మిర్చి బస్తాలతో బండి ఆగిపోయి వెనకున్నవాళ్లు హారన్లు కొడుతుంటే, తమరిని తీసుకెళ్లి స్టార్టర్ మోటారుకు తగిలిస్తే ఇంజిన్ తిరుగుతుందా?

డీజిల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు కదా, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి, అంత బరువు తిప్పాలంటే బ్యాటరీ ఆ కాసేపట్లోనే వందల ఆంపియర్లు వదలాలి. రేటు తక్కువని చిన్న కారు బ్యాటరీ కూర్చోబెడితే కొన్నాళ్లు లాగుతుంది, తర్వాత మొండికేస్తుంది. కంపెనీ చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ పట్టే చార్జ్ లెక్క) పెడితే నష్టం లేదు, ట్రేలో పట్టి క్లాంపు బిగిస్తే చాలు. బ్యాటరీ మీద 80డి26ఆర్ అని రాసి ఉంటే 26 అనేది సెంటీమీటర్లలో పొడవు, చివరి అక్షరం టెర్మినళ్లు ఎటున్నాయో చెప్పేది. ఆర్ బదులు ఎల్ తెస్తే కేబుల్ అందదు, అయినా మన మెకానిక్ లాగి అందిస్తాడు, ఆ లాగిన వైరు బాడీకి రాసుకుని షార్ట్ అయితే తమరు బాధ్యులు కారు.

ఇక తమరి పేరులోని ప్లస్ సంగతి. మొదటి 24 నెలల్లో పోతే కొత్తది ఉచితం, ఒప్పుకుంటా. రెండో 24లో మాత్రం ఎంఆర్‌పీ మీద ఇంత శాతం తగ్గింపు. ఎంఆర్‌పీకి బ్యాటరీ కొన్న మనిషిని నేనింతవరకు చూడలేదు! పాతది వాపసు ఇచ్చి బేరమాడితే మామూలుగానే తగ్గే డబ్బుకు, తమరిని చూపిస్తే తగ్గే డబ్బుకు తేడా చాలాసార్లు చాయ్ ఖర్చే. కార్డు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకోటి ఉంటుంది, కమర్షియల్ బండికి గడువు తక్కువని. మా పికప్ పసుపు నంబర్ ప్లేటు ఎండలో అర కిలోమీటరు నుంచే మెరుస్తుంది, అమ్మేవాడికి మాత్రం క్లెయిమ్ నాడే కనపడుతుంది.

మన ఎండల గురించి ఎక్కడా రాయలేదేం? మే నెల వేడికే లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి, నీళ్లు తగ్గుతాయి, డిసెంబర్ పొద్దున సెల్ఫ్ అందుకోకపోతే చలిని తిడతాం. షాపు అరల్లో నెలల తరబడి కూర్చున్న బ్యాటరీ కూడా ఊరికే చార్జ్ పోగొట్టుకుంటుంది, అందుకే తయారీ తేదీ చూసి, మీటరు పెట్టి 12.6 వోల్టుల దగ్గర ఉందా అని అడుగుతా. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వోల్టులు రాకపోతే తప్పు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది కావచ్చు, కొత్త బ్యాటరీ పెట్టినా అదీ చస్తుంది, అప్పుడు తమరు 'బండిలో లోపం, క్లెయిమ్ చెల్లదు' అంటారు.

కాబట్టి తమరికి ఒకటే పని. తేదీ, సీరియల్ నంబరు, షాపు స్టాంపు సరిగ్గా వేయించుకుని, డ్యాష్‌బోర్డులో ఇన్సూరెన్స్ కాగితం కింద పడుకోండి.

ఇట్లు,
పసుపు ప్లేటు ఓనర్, వరంగల్

తా.క.: పాత బ్యాటరీలో సీసం ఉంటుందని మాకూ తెలుసు. దాని రేటు కొత్తదాని బిల్లులో కలిపేయకుండా విడిగా రాయమని షాపు అన్నకు చెప్పండి.