పెరటి చెట్టు మీద రంపం ఎవరు పట్టాలి?

అమెరికాలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ళు పోయడం అయ్యాక, ముగ్గుల పోటీ ఫలితాలు చెప్పేలోగా తెర మీద వేసిన వీడియో మీలో చాలామంది చూశారు. మన సభ్యుడొకరు డిసెంబరు సెలవులకి కోనసీమ వెళ్ళి, తాతగారి పెరట్లో కొబ్బరిచెట్టుని స్వయంగా పడగొట్టారు. చేతిలో బ్యాటరీ రంపం, కాళ్ళకి హవాయి చెప్పులు. చెట్టు ఒక్కసారి ఇంటివైపు ఊగి, తాడు లాగుడికి తిరిగి, అరటిచెట్ల మీద కూలింది. హాలంతా ఈలలు. మైకు పట్టుకున్నాయన "ఎన్ని దేశాలు తిరిగినా గోదారోడు గోదారోడే" అన్నారు. వేదిక మీదకి పిలిచి మెమెంటో కూడా ఇచ్చారు.

ఆ చెట్టు ఇంటివైపు ఊగడం చూసి నా గుండె ఆగినంత పనైంది. అంతకంటే ఎక్కువ నొప్పించింది వీడియో మొదటి భాగం. వేగం పెంచి చూపించిన ఆ ముక్కలో ఒక నడివయసు మనిషి ఉత్త కాళ్ళతో చెట్టెక్కి, గెలలు దించి, మట్టలు కొట్టి, పైన తాడు కట్టి దిగాడు. ఇంటిమీద పడబోయిన చెట్టుని అరటిచెట్లవైపు తిప్పింది ఆయన కట్టిన తాడే. ఆయనెవరో వేదిక మీద ఎవరూ చెప్పలేదు. కింద కూర్చున్న మనమూ అడగలేదు.

వీడియో పెట్టిన ఆ సభ్యుడితో, నాకు తమ్ముడిలాంటివాడు, ఫోన్లో మాట్లాడాకే ఇది రాస్తున్నాను. అతని మీద నాకు కోపం లేదు. తాతగారి చెట్టుని ఎవరో కూలిమనిషి చేత కొట్టించడం మనసొప్పలేదన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది. చప్పట్లు కొట్టిన మనందరితోనే నాకు పని.

మన పని మనం చేసుకోవడం ఈ దేశం మనకి నేర్పిన మంచి అలవాటు. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టడం రాని ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం ఇక్కడ డెక్కులు కట్టుకున్నాం, కుళాయిలు బిగించుకున్నాం, మంచు తవ్వుకున్నాం. కానీ ఇదే దేశంలో మన వెనకపెరట్లో యాభై అడుగుల ఓక్ చెట్టు ఇంటిమీదకి వాలితే ఏం చేస్తున్నాం? చెట్ల పనిలో శిక్షణ పొందిన ఆర్బరిస్టుని పిలుస్తాం. బీమా కాగితం చూపించమంటాం. పర్మిట్ కావాలేమోనని టౌన్‌షిప్‌లో కనుక్కుంటాం, కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి (హెచ్‌ఓఏ) మెయిల్ పెడతాం. అమెరికా ప్రభుత్వ లెక్కల్లో పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకునే వృత్తుల్లో చెట్లు కొట్టేది ఏటా పై వరసలోనే ఉంటుంది. అది మనకి తెలుసు కాబట్టే ఆ జాగ్రత్త. మరి జొన్నాడ వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెట్టేసరికి ఆ జాగ్రత్తంతా ఎటు పోతోంది?

మా ఇంటి సంగతి చెబుతాను.

అమ్మ ముక్తేశ్వరం దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. నూతి పక్కన నాన్న పాతిన కొబ్బరిచెట్టు ఉండేది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి పెరట్లో తక్కినవన్నీ పడిపోయినా అదొక్కటే కాస్త వంగి నిలబడింది. మా వైపు కొబ్బరిచెట్టుని పెద్దకొడుకంటారు. అన్నయ్య డాలస్ వెళ్ళిపోయాక అమ్మ నోట ఆ మాట మరీ ఎక్కువగా వినబడేది. ఫోన్ చేస్తే ముందు చెట్టు కబుర్లు, తర్వాతే మోకాళ్ళ నొప్పులు.

ఆ చెట్టు మొదట్లో ఎర్రటి బంక కారడం మొదలైంది. మట్టలు పసుపెక్కి మాను చుట్టూ వేలాడాయి. కొబ్బరి ఉన్న ఇళ్ళవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, గానోడెర్మా అనే శిలీంద్రం వల్ల వచ్చే తెగులు. తొలిదశలో కనిపెడితే వేరు ద్వారా హెక్సాకొనజోల్ అనే మందు ఎక్కించి, పాదులో వేపపిండి, ఆ తెగులుని అణిచే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంద్రం వేసి నిలబెట్టుకోవచ్చని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా చెట్టు ఆ దశ దాటిపోయింది. పైగా అది వాలింది పక్కింటి పిన్నిగారి వంటపాక మీదకి. అటుపక్క సందులో కరెంటు తీగలు.

"నేనొచ్చి కొట్టేస్తాన్లేవే, ఒక్క పూట పని" అన్నాడు అన్నయ్య. చేతకాక అన్న మాట కాదది. టెక్సాస్‌లో వాళ్ళ పెరట్లో పైన్ చెట్లు రెండు పడగొట్టినవాడే. చెట్టు పడాల్సిన వైపు మూడోవంతుకి మించకుండా గాటు పెట్టడం, వెనకనుంచి కోసుకొస్తూ మధ్యలో తలుపు బందులా సన్నటి పట్టీ మిగల్చడం, చెట్టు కదలగానే వెనక్కి ఏటవాలుగా తప్పుకోవడం అన్నీ తెలుసు.

అమ్మ మాత్రం దింపు తీసే, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించే ఆయనకి కబురు పెట్టింది. నా చిన్నప్పటినుంచీ మా చెట్లకి దింపు తీస్తున్న మనిషి. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన చెట్టు చుట్టూ తిరిగాడు. కత్తి వెనకవైపుతో మాను మీద కొట్టుకుంటూ చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఒకచోట చప్పుడు మారింది.

"ఇక్కడ లోపల డొల్లండి. తాళ్ళు బిగించుకుని ఎక్కితే నన్ను ఆపుద్ది. కిందనుంచి కోస్తే మటుకు ఎటు తిరుగుద్దో చెప్పలేవండి."

అన్నయ్య నేర్చుకున్నదంతా పైన్, ఓక్ లాంటి చెట్లకి పనికొచ్చే విద్య. కొబ్బరిమానులో ఏటేటా పెరిగే వలయాలుండవు. నిలువునా పీచుకట్టలు, చుట్టూ గట్టిగా, లోపల మెత్తగా ఉంటాయి. మధ్యలో మిగిల్చిన పట్టీ చెట్టుని పట్టుకుని మనమనుకున్న వైపు పడేస్తుందన్న భరోసా దాని దగ్గర లేదు, మొదలు కుళ్ళిన చెట్టైతే మరీను. నేల సంగతి ఇంకోటి. మా దగ్గర కొద్దిగా తవ్వితే నీళ్ళు పడతాయి. వేళ్ళు లోతుకి దిగకుండా పక్కలకి పాకుతాయి. కాలువ నిండుగా పారే రోజుల్లో, పైన వాన కూడా పట్టిందంటే, కోత సగంలో ఉండగానే చెట్టు వేళ్ళతో సహా లేచి రావచ్చు. తుపాను మర్నాడు ఊరంతా పడిపోయిన చెట్లు కోస్తుంటే చూసినవాళ్ళకి ఇంకో ప్రమాదం కూడా తెలుసు. పడున్న మానుని కోసి వేరుచెయ్యగానే మొదలు వేళ్ళగడ్డ బరువుకి ఒక్కసారిగా వెనక్కి లేచి నిలబడుతుంది. ఆ గోతుల దగ్గరికి పిల్లల్ని పోనిచ్చేవారు కాదు.

"అయితే ఎప్పుడు కొడదాం బాబాయ్?" అన్నాను.

"కాలవలు కట్టేసేక చూద్దారండి అమ్మాయిగారూ. నేల గట్టిపడాలండి. పొద్దున్నే మొదలెట్టాల, గాలి లేవకముందు."

వేసవిలో కాలువలకి నీళ్ళు కట్టేశాకే కొట్టారు. లైన్‌మన్‌కి ముందే చెప్పి ఆ పూట సందులో కరెంటు ఆపించాం. పక్కింటి పిన్నిగారు పొయ్యి ఆర్పి మా అరుగు మీద కూర్చున్నారు. అమ్మ మానుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. ఎవరం తొందరపెట్టలేదు. బాబాయ్ కూడా కత్తి కింద పెట్టి దండం పెట్టుకున్నాడు. చెట్టు కొట్టేముందు దాన్ని అడగాలన్న ఆ అలవాటు మన ఊళ్ళలో ఎన్నటికీ పోకూడదని నా కోరిక.

ముగ్గురొచ్చారు. ముందు ఆ చెట్టుని పక్కనున్న రెండు చెట్లకి తాళ్ళతో బిగించారు. బాబాయ్ ఎక్కి గెలలు, మట్టలు, మొవ్వు దించి, మానుని పైనుంచి ముక్కలుగా కోస్తూ ఒక్కోదాన్నీ తాడుతో కిందికి వదిలాడు. అన్నయ్య కింద తాడు పట్టుకున్నాడు. నేను సందు మొదట్లో నిలబడి సైకిళ్ళనీ పిల్లల్నీ ఆపాను. ఆఖరున మిగిలిన నడుమెత్తు మోడుని అన్నయ్య తన రంపంతో కోశాడు. కళ్ళజోడు, గ్లవుజులు, బూట్లు అన్నీ వేసుకునే కోశాడు. తర్వాత మొదలూ వేళ్ళూ తవ్వి తీసి కాల్చేశారు. ఆ తెగులు మట్టిలోనే బతుకుతుంది, మోడు అలా వదిలేస్తే పక్క చెట్టుని పట్టుకుంటుంది. ఆ తవ్వడం, కాల్చడం, మట్టలు మోయడం మేమూ చేశాం. సొంత చెట్టుకి సొంత చేతులతో చెయ్యగలిగిన సేవ అలా చాలానే ఉంటుంది.

అన్నయ్య ఇక్కడినుంచి హెల్మెట్, చెట్లెక్కేవాళ్ళు కట్టుకునే నడుం బెల్టు తీసుకెళ్ళాడు. బాబాయ్ హెల్మెట్ పెట్టుకున్నాడు. బెల్టు అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదేనండి. నేర్చుకోకుండా దీని మీద ప్రాణం పెట్టలేనండి" అని తన తాడే కట్టుకున్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు సబబు.

ఇదంతా చెబితే తమ్ముడు ఫోన్లో ఒక ప్రశ్న వేశాడు. "అక్కా, నేను పడితే తప్పు, డబ్బు తీసుకుని ఆయన పడితే పర్లేదా?" ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. రోజూ చేసే మనిషికి ప్రమాదం తక్కువన్నది నిజం. అసలు లేదనడం అబద్ధం. చెట్టు మీదనుంచి పడి నడుం విరిగి మంచాన ఉన్న దింపు కార్మికుడు కోనసీమలో ఎవరికి తెలియడు? మనం రంపం కిందపెట్టి ఆయన చేతికిచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు.

ఇక్కడ మన ఊరి అలవాట్ల గురించి కటువుగానే చెప్పాలి. ప్రాణం పెట్టి చేసే పనికి కూరగాయల బేరం ఆడతాం. కూలి సరిగా ఇవ్వకుండా సాయంత్రం మందుకి విడిగా ఇచ్చి పెద్దమనుషులమనిపించుకుంటాం. కొన్ని ఇళ్ళలో ఆ మనిషికి ఇచ్చే గ్లాసు ఇప్పటికీ వేరు. పడితే "వాడి టైము బాలేదు" అని ఊరుకుంటాం. డాలర్లలో జీతాలొచ్చే ఇళ్ళలో కూడా ఇదే వరస. దీన్ని సంప్రదాయమనకండి, చెడ్డతనమనండి.

అసలు కొట్టాలా వద్దా అన్నది ఇంకా ముందు తేలాల్సిన సంగతి. 2024 ఆగస్టులో కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఎన్నో సినిమాల్లో కనిపించిన సినిమా చెట్టు, నూట యాభై ఏళ్ళనాటి ఆ నిద్రగన్నేరు, గోదారి గట్టున కూలిపోతే మన వాట్సాప్ గ్రూపులో ఎంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నారో అందరం చూశాం. అదే మనం సెలవులకి వెళ్ళినప్పుడు పెరటంతా సిమెంటు చేయించడానికి, కారు పెట్టుకోవడానికి, ఎవరో వాస్తు చెప్పారని పచ్చటి చెట్టు తీయించేస్తున్నాం. ఏడాదికి నాలుగు వారాలుండే మనం తీర్పు చెబితే, దాని నీడలో ఏడాదంతా ఉండే అమ్మానాన్నలు పిల్లల మాట కాదనలేక ఊరుకుంటున్నారు. జబ్బు చేసిందా? ఇంటిమీదకి వాలిందా? ఒక కొమ్మ తీస్తే సరిపోదా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు. పెరటి చెట్టైనా సరే, కొన్ని జాతులకి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. అటవీశాఖ ఆఫీసులో ఒక్క మాట అడిగితే చెబుతారు.

కార్యవర్గానికి నా విన్నపం. ప్రతి ఏడూ సేవా కార్యక్రమాల కింద కంటి శిబిరాలు పెడుతున్నాం, స్కాలర్‌షిప్పులిస్తున్నాం, అవి అలాగే సాగాలి. ఈ ఏడాది వాటి పక్కన దింపు కార్మికులకి కూడా చోటివ్వండి. కొచ్చిలోని కొబ్బరి అభివృద్ధి మండలి కొబ్బరిచెట్లెక్కేవాళ్ళకి 'కేర సురక్ష' పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. ప్రీమియంలో కొంత మండలే భరిస్తుంది, కార్మికుడి వాటా చిన్నది. ఆ వాటా మనం కట్టలేమా? మన సభ్యుల సొంత ఊళ్ళతో మొదలుపెడితే చాలు. రెండోది శిక్షణ. బెల్టులు, హెల్మెట్లు కొని పంచిపెట్టి ఫొటోలు దిగితే అవి అటకెక్కుతాయి. నేర్పే మనిషిని పిలిపించి, నేర్చుకునే రోజులకి కూలి కూడా ఇచ్చి, ఆ తర్వాత సామాను వాళ్ళ చేతికివ్వాలి. కూలి లేకుండా ఎవరూ పని మానుకుని రాలేరు.

ఈ వేసవిలో ఊరెళ్ళేవాళ్ళని కూడా వేడుకుంటున్నాను. పెరట్లో చెట్టు తియ్యాల్సి వస్తే మీ ఇంటికి దింపు తీసే మనిషిని ముందు పిలిచి చూపించండి. ఆయన వద్దంటే ఆగండి. ఎక్కుతానంటే బీమా ఉందో లేదో అడగండి, లేకపోతే దగ్గరుండి చేయించి, అది చేతికొచ్చాకే పని మొదలెట్టించండి. ఊరూ, ఆ మనిషి వివరాలూ ఆయన ఒప్పుకుంటేనే కార్యవర్గానికి పంపండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ అంశం పెట్టమని నేను ఉత్తరం ఇచ్చాను. దాని మీద ఇంకొన్ని సంతకాలు కావాలి.