ఐసీయూ తలుపు దగ్గర తొలిసారి వినే ప్రశ్న

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్‌లో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో రైల్లో ఒక గుండె వెళ్లింది. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. ఆ వార్తకు నగరం మురిసిపోయింది, మురిసిపోవాల్సిందే. అయితే ఆ గుండె బయల్దేరడానికి ముందు ఏదో ఆస్పత్రి వరండాలో ఒక కుటుంబం తలలు పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఔననడానికి వాళ్లకు ఎంతసేపు పట్టిందో ఎవరూ రాయరు. అవయవదానంలో కష్టమైన ఘట్టం మాత్రం అదే.

కాదనేవాళ్లను మూఢనమ్మకాల జాబితాలో వేసేయడం తేలిక. అవయవం తీస్తే వచ్చే జన్మలో ఆ లోపంతో పుడతారనే మాట మన ఇళ్లలో ఉన్నదే. కానీ ఇంద్రుడికి వెన్నెముక ఇచ్చిన దధీచినీ, శ్రీకాళహస్తిలో శివుడికి కన్ను పెకలించి పెట్టిన తిన్నడినీ పిల్లలకు చెప్పుకునేదీ ఆ ఇళ్లే. నేత్రదానానికి మన దగ్గర ఇంత ఆదరణ రావడంలో 1998లో చిరంజీవి పెట్టిన ఐ బ్యాంకుకూ, ఊరూరా కదిలిన అభిమానులకూ వాటా ఉంది. కాబట్టి అడ్డు భక్తి కాదు. చావు గురించి ముందుగా మాట్లాడకపోవడమే అసలు అడ్డు. ఎవరైనా ఎత్తబోతే, 'తథాస్తు దేవతలుంటారు, ఆ మాట అనకు' అని పెద్దవాళ్లు నోరు మూయిస్తారు. ఎల్ఐసీ పాలసీలో నామినీ పేరు రాసేటప్పుడు ఈ అశుభం ఎవరికీ గుర్తు రాదు.

దాంతో 'అవయవాలు దానం చేస్తారా' అన్న ప్రశ్న మొదటిసారి ఐసీయూ తలుపు దగ్గర, ముక్కూమొహం తెలియని అవయవదాన కోఆర్డినేటర్ నోట వినాల్సి వస్తుంది. లోపల మనిషి ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, వెంటిలేటర్ మీద ఛాతీ ఎగిసిపడుతుంటుంది. చనిపోయాడంటే ఏ తల్లి నమ్ముతుంది? కోమా వేరు, మెదడు పూర్తిగా చచ్చిపోయే బ్రెయిన్‌డెత్ వేరు. రెండోదాంట్లో తిరిగి రావడమంటూ ఉండదు. నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అవయవాలు తీసే బృందంలోని వాళ్లు ఆ నలుగురిలో ఉండకూడదు. ఇదంతా ఆ గాభరాలో చెబితే చెవికెక్కదు.

పైగా నిర్ణయం ఒక్కరిది కాదు. సంతకం భార్యదే అయినా, నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన బావగారు, మేనమామ, ఫోన్‌లో ఊరి పెద్ద తలా ఒక మాట అంటారు. వాళ్ల అసలు టెన్షన్ పుణ్యపాపాల గురించి కాదు. 'కొడుకు కిడ్నీలు అమ్ముకున్నారు' అని రేపు ఊళ్లో అంటారేమోనని. ఇచ్చిన కుటుంబానికి అంతకంటే పెద్ద గాయం ఉండదు. మరికొందరు దీన్ని దేహదానం అనుకుంటారు. మెడికల్ కాలేజీకి ఇచ్చేస్తే దహనం, ఖననం ఉండవని భయం. అవయవదానంలో కుట్లు వేసిన దేహం ఇంటికే వస్తుంది, కర్మకాండలన్నీ జరుగుతాయి.

కార్పొరేట్ ఆస్పత్రి మీద అనుమానం సంగతి వేరు. దాన్ని మేము అజ్ఞానం అనబోం. రోజుకో బిల్లు చేతికిచ్చిన చోటే దానం చేయమని అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. 2025 జనవరిలోనే సరూర్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కిడ్నీ దందా బయటపడింది. బతికున్న పేదల కిడ్నీలు కొనే ఆ వ్యాపారానికీ, నిమ్స్ నుంచి నడిచే ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌కూ సంబంధం లేదు. కానీ జనం మనసులో రెండూ ఒకే ఖాతాలో పడతాయి. ఆ తేడా నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది, జనానిది కాదు.

ఇంకో మాట. మరణించినవారి నుంచి అవయవాలు అందకపోతే భారం బతికున్నవారి మీద పడుతుంది, అందులోనూ ఆడవాళ్ల మీద. దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు, పుచ్చుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. కొడుక్కి అమ్మ, భర్తకు భార్య ఇస్తే దాన్ని దానమని కూడా లెక్కవేయం.

రాష్ట్రం చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. ప్రమాద కేసుల్లో పంచనామా, పోస్టుమార్టం కోసం మార్చురీ ముందు పడిగాపులు పడాల్సి వస్తుందన్న భయమే చాలామందిని వెనక్కి లాగుతోంది. అవయవదానం ఉన్న కేసులకు సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని కేంద్రం 2021 నవంబరులోనే చెప్పింది. తెల్లారేదాకా ఆగమనే అధికారిని జవాబు అడగాలి. తమిళనాడు 2023 నుంచి దాతలకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపిస్తోంది. కలెక్టరు వచ్చి పూలమాల వేసిన ఇంటిని ఊరు 'అమ్ముకున్నారు' అనడానికి జంకుతుంది. బ్రెయిన్‌డెత్ ధ్రువీకరించాక దాతను కాపాడటానికి, అవయవాలు తీయడానికి అయ్యే ఖర్చు కుటుంబం నుంచి వసూలు చేయకూడదని 2014 నాటి అవయవ మార్పిడి నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో, ఉర్దూలో నగరంలోని ప్రతి ఐసీయూ బయట, బిల్లింగ్ కౌంటర్ పక్కన కొట్టొచ్చినట్టు రాయించాలి.