వంతెన చూసి ఏడాది చెప్పే అభిమానులు

2024 ఆగస్టులో కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదావరి గట్టు మీది నిద్రగన్నేరు చెట్టు కూలిపోయింది. నూట యాభై ఏళ్ల నాటిదని అంటారు. ఊరివాళ్లకీ సినిమావాళ్లకీ అది ‘సినిమా చెట్టు’. మూడు వందలకు పైగా సినిమాల షూటింగులు దాని కింద జరిగాయని చెప్పుకుంటారు. కూలిన వార్త రాగానే పాత సినిమాల్లోంచి తీసిన ఆ చెట్టు బొమ్మలు ఫోన్లలోకి వరసగా వచ్చిపడ్డాయి. ఏ పాటలో ఏ కొమ్మ కింద ఎవరు నిలబడ్డారో, ఏ సీన్లో వెనకాల రేవు కనిపిస్తుందో గుర్తుపట్టి రాసినవాళ్లలో ఎక్కువమంది మామూలు అభిమానులే. ఆ సినిమాలు లెక్కలేనన్నిసార్లు చూసినవాళ్లు. తరవాత చెట్టును బతికించాలని రాజమండ్రి నుంచి కొందరు పూనుకున్నారు, మోడుకు చిగుళ్లు కూడా వచ్చాయి.

సినిమా పిచ్చి అనే మాట గోదావరి జిల్లాల్లో వినిపించని ఇల్లుండదు. ఎక్కువగా తిట్టుగానే వినిపిస్తుంది. కానీ ఒకే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూసి, అందులో మిగతావాళ్ల కంటికి ఆనని సంగతి పట్టుకోవడం తేలికైన పనేం కాదు. మన డెల్టా జ్ఞాపకాల్లో చాలా భాగం అలాంటి చూపున్నవాళ్ల దగ్గరే పోగుపడి ఉంది. ఇప్పటికీ దాన్ని మనం చదువు కింద జమకట్టడం లేదన్నదే నా బాధ.

ఎలాంటి చూపో ఒకటి చూపిస్తాను. రాజమండ్రి గట్టు మీద తీసిన పాత సినిమా ఏదైనా తీసుకోండి. హీరో మొహం వదిలేసి వెనక నది మీది వంతెన చూడండి. రాతి స్తంభాల మీద ఇనప గర్డర్లతో పొడుగ్గా సాగే రైలు వంతెన ఒక్కటే ఉంటే అది 1900లో రైళ్లు మొదలైన హేవలాక్ వంతెన. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన కూడా కనబడితే ఆ షాటు తీసింది 1974 తరవాత. కాంక్రీటు విల్లుల వరస ఉందంటే ఇంకా ఇటీవలిది. ఆ ఆర్చి వంతెన 1997లో పూర్తయింది, హేవలాక్ మీద రైళ్లు ఆగిపోయిందీ ఆ ఏడాదే. ఒకవేళ హేవలాక్ మీద రైలు పోతూ, పక్కన విల్లులు సగమే లేచి ఉన్నాయనుకోండి, 1997కు ముందు ఆ నాలుగైదేళ్లలో తీసిందని ఖాయంగా చెప్పేయొచ్చు. ధవళేశ్వరం వైపు వెళితే గుర్తులు మారతాయి. అక్కడ కనిపిస్తున్నది 1852 నాటి కాటన్ ఆనకట్టా, 1982 కల్లా పూర్తయిన కొత్త బ్యారేజీ గేట్లా అని చూసుకోవాలి.

సినిమా విడుదల తేదీ ఎవరైనా చెప్తారు. షూటింగు ఎప్పుడు జరిగిందో, బొమ్మ ఎన్నేళ్లు డబ్బాల్లో మగ్గిందో చెప్పాలంటే ఇలా వెనకాల చూసే అలవాటుండాలి. అసలు విలువైనది కూడా ఆ వెనకాలే ఉంది. లాంచీల రేవు ఎక్కడుండేది, లంకల్లో ఇసుక తిన్నె ఎంతవరకు వచ్చేది, గట్టు మీద పెంకుటిళ్లు ఎన్ని ఉండేవి, కాలవల్లో పడవలు తాళ్లతో లాగించేవాళ్లా, అప్పటికే ఇంజన్లు వచ్చేశాయా, ఇవన్నీ ఫ్రేములో పడి ఉన్నాయి. తీసినవాళ్లకు వాటిని భద్రం చేయాలన్న ఉద్దేశం ఉండి ఉండదు. అయినా యాభై ఏళ్ల కిందటి గోదావరి కదులుతూ రంగుల్లో కనిపించేది ఎక్కువగా ఆ సినిమాల్లోనే.

కలెక్షన్ల గొడవ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. హీరోల పోటీకి తప్ప ఆ కోట్ల లెక్కలు ఎందుకూ పనికిరావు. అందులో ఒక్క విషయం మాత్రం ముచ్చటేస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరయ్యాయి, పశ్చిమలో ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వచ్చింది. సినిమా లెక్కల్లో మాత్రం ఇవాల్టికీ ‘ఈస్ట్’, ‘వెస్ట్’ అనే రెండు ఏరియాలే. కొత్త జిల్లాలోనే చదువుకుంటున్న పిల్లాడు కూడా మా సినిమా వెస్ట్‌లో ఇంత చేసిందని అంటాడు.

ఇంటర్నెట్‌లో మన ప్రాంతం ఎలా కనిపిస్తోందో చూస్తే నాకు దిగులేస్తుంది. ఏటా వానాకాలంలో యానాంలో పులస ఎంతకు పాడారన్న వీడియో, సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు ఎన్ని రకాలు పెట్టారన్న వీడియో. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన విస్తరి దేశమంతా తిరిగింది. వింతను చూసి సంతోషపడటంలో తప్పు లేదు, నేనూ ఆ వీడియో ఇష్టంగా చూశాను. కాకపోతే పులస ధర తెలిసినంతమందికి ఆ చేప కథ తెలియదు. సముద్రంలో విలసగా ఉన్నది వరద నీటికి ఎదురీదుకుంటూ గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుంది. గుడ్లు పెట్టడానికి పైకి వెళ్లే దానికి ధవళేశ్వరం బ్యారేజీ అడ్డం. ధర చూసి నోరెళ్లబెట్టినవాళ్లకు ఈ ముక్క కూడా చెబితే ఆ ముప్పై సెకన్లకు ఎంత బలం వచ్చేదో! 365 రకాల్లోనూ అంతే. అందులో ఏవి మన పాత పిండివంటలో, ఎవరు ఎన్ని రోజులు వండారో ఎవరూ అడగలేదు.

అన్నిటికంటే నాకు ఆశ కలిగించేవి కనుమ నాటి వీడియోలు. అంబాజీపేట మండలం జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట ఉంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు శివరూపాలు, వెదురుతో, రంగుబట్టలతో కట్టిన ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కుర్రాళ్లు భుజాల మీద మోస్తూ పంటచేలల్లోంచి తెచ్చి, కౌశిక కాలవ నీళ్లలోకి దిగి, ‘శరభ శరభ’ అంటూ అవతలి గట్టుకు ఎక్కిస్తారు. ఆ పదకొండు మందిలో ఒకరైన వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగతావాటిని కాస్త పైకెత్తి గౌరవం చూపిస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఇదే.

ఆ వీడియోలు తీసేది ఆ ఊళ్ల కుర్రాళ్లే. చాలావాటికి వెనక ఏదో ఒక హీరో సినిమా బీజీఎం, అంటే నేపథ్య సంగీతం, ఉంటుంది. పెద్దవాళ్లకు అది కిట్టదు. నాకైతే అందులో ఒక వరస కనిపిస్తుంది. మా ఊరి ప్రభ ఎత్తుగా ఉండాలని రాత్రిళ్లు మేలుకుని కట్టే పట్టుదల, మా హీరో కటౌట్ పెద్దదిగా ఉండాలని తాపత్రయపడే పట్టుదల వేరువేరు చోట్ల పుట్టినవి కావు. మొగల్తూరులో పుట్టిన కృష్ణంరాజు, చిరంజీవి, పాలకొల్లు నుంచి వెళ్లిన అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు వీళ్లకు సొంత మనుషులు. మావాడు అనే ఆ మాటలో నిజమైన ప్రేమ ఉంది.

ఆ ‘మావాడు’లోనే విషమూ ఉంది, దాచి ప్రయోజనం లేదు. డెల్టాలో ఏ హీరో ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటోలుంటాయో చూస్తే చాలాసార్లు కులం తెలిసిపోతుంది. ఫ్లెక్సీ చించారని కొట్టుకునేవాళ్లున్నారు, ఫోన్లలో ఎదుటి హీరో ఇంటి ఆడవాళ్లను బూతులు తిట్టేవాళ్లున్నారు. 2020లో కుప్పం దగ్గర బ్యానర్ కడుతూ కరెంటు షాక్ కొట్టి ముగ్గురు అభిమానులు చనిపోయారు. దీన్ని అభిమానం పేరుతో వెనకేసుకు రావడం నావల్ల కాదు. నేను గమనించినంతవరకు, మనిషి చుట్టూనే తిరిగే అభిమానం గొడవల్లోకి దిగుతుంది. అదే అభిమానం పనితనం మీదికి మళ్లితే, పాట ఎక్కడ తీశారు, ఫైటు ఎలా కంపోజ్ చేశారు, ఆ ఇల్లు ఎవరిది అని అడగడం మొదలెడితే, అవతలి హీరో అభిమానితో కూడా గంటలు గంటలు మాట్లాడుకోవచ్చు. వంతెన గుర్తుపట్టడానికి కులంతో పనిలేదు.

బయటివాళ్లు మన సినిమాను ఎంత శ్రద్ధగా చూస్తున్నారో తెలిస్తే సంతోషమూ సిగ్గూ రెండూ కలుగుతాయి. ‘ఆర్‌ఆర్‌ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. అందరూ ఆడవాళ్లే నటించే అక్కడి ప్రసిద్ధ తకరజుకా బృందం 2024లో దాన్ని రంగస్థలం మీద ఆడింది. ఆ సినిమాకు సంగీతం చేసిన కీరవాణి పుట్టింది కొవ్వూరులో, అంటే సినిమా చెట్టున్న మండలంలోనే. అంత దూరం నుంచి ఎవరైనా కొవ్వూరు స్టేషన్‌లో దిగి ఇక్కడ ఏం చూడాలని అడిగితే, మన చేతిలో ఒక మంచి పటం, నమ్మదగిన నాలుగు పేజీలు ఉండాలి కదా.

అవి రాయగలిగేది అభిమానులే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఎవరైనా రాయొచ్చు. రీల్‌లో పెట్టింది రెండు రోజుల్లో కిందికి పోతుంది. అదే ఫోటోను తీసినవాళ్ల పేరు, ఊరు, తేదీతో అందరూ వాడుకునే ఫోటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో పెడితే రేపు ఇంకొకరికి దొరుకుతుంది. పాలకొల్లు, అమలాపురం, భీమవరం లాంటి ఊళ్లలో పాత ఫోటో స్టూడియోలవాళ్ల దగ్గర నెగెటివ్‌లు, థియేటర్ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు, శతదినోత్సవం కరపత్రాలు ఇళ్లల్లో అటకల మీద ఉంటాయి. టూరింగ్ టాకీస్‌లో మిషన్ ఆడించినవాళ్లు, షూటింగులకు పడవలు అద్దెకిచ్చినవాళ్లు ఇప్పుడు బాగా పెద్దవాళ్లయిపోయారు. పండక్కి ఇంటికొచ్చిన పిల్లలు ఫోన్ పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కితే చాలు, మిగతాది తాతయ్యలే చెప్తారు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 పుష్కరాలకు రాజమండ్రిలో కోటిలింగాల ఘాట్ రూపమే మారిపోయింది, ఈసారీ గట్ల వెంట పనులు జరుగుతాయి. సినిమాల్లో కనిపించే మెట్లు, మండపాలు, చెట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో ఆ పాత ఫ్రేములు పక్కన పెట్టుకుని, అదే కోణంలో నిలబడి ఫోటోలు తీయాల్సింది ఆ పనులు మొదలయ్యే లోపే.