పంట ఒకరిది, పట్టా ఒకరిది

2023 జూలై 20న కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వార్త చేరగానే అమెరికాలోని ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్ళు బారులు తీరారు. సోనా మసూరి బస్తాలు ట్రాలీల్లో ఒకదానిమీద ఒకటి పేర్చుకుని తోసుకెళ్తున్న వీడియోలు మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకీ వచ్చాయి. టెన్షన్ పడకండి, మూడు నెలలకు సరిపడా తెచ్చుకున్నాం అని మా పిన్ని కొడుకు అక్కడి నుంచి మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత గ్రూపులో గొడవ మొదలైంది. మనం ఆపితే ప్రపంచం బియ్యం కోసం వెతుక్కోవాల్సిన పరిస్థితి వచ్చిందంటే అది మోదీ గొప్పతనం అని ఒకరు, ప్రాజెక్టులు కట్టింది నెహ్రూ, హరిత విప్లవం తెచ్చింది ఇందిర అని ఇంకొకరు. రాత్రి పదకొండు దాకా సాగిన ఆ వాదనలో, సోనా మసూరి బాపట్లలో పుట్టిన వంగడమని, దాని నంబరు బీపీటీ 3291 అని, బీపీటీ అంటే బాపట్ల అని ఒక్కరూ అనలేదు. మాలో సగం మందికి బాపట్ల గంట ప్రయాణం.

ఒక దేశం సాధించిన దానిలో నాయకుడి వాటా ఎంత అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ ఏ నాయకుడిది అన్న చర్చగా మారిపోతుంది. వాటా ఎంత అన్న ప్రశ్న అడగడమే మానేశాం. అందుకే అడుగుతున్నాను. నా లెక్కలో ఆ వాటా చిన్నది. లేదని అనను. చిన్నది, ఇరుకైనది. దాన్ని మనం ఊరంత చేసి, మిగతా అందరి వాటాలనూ అందులో కలిపేస్తున్నాం.

అన్నం సంగతే తీసుకుందాం. 1960ల కథ పాఠకులకు కొత్తది కాదు. వరుసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాయి. 1966లో విదేశాల నుంచి సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్నాం. దానిలో ఎక్కువ భాగం పీఎల్-480 అనే ఆహార సహాయ చట్టం కింద అమెరికా పంపిన గోధుమలు. అక్కడి అధ్యక్షుడు జాన్సన్ ఓడలను ఒక్కొక్కటిగా, తన ఇష్టప్రకారం వదిలేవారు. సోమవారం రాత్రి భోజనం మానేయమని శాస్త్రి గారు దేశాన్ని అడిగారు. ఆయన మంత్రివర్గంలో ఆహార, వ్యవసాయ శాఖలు చూసిన సి. సుబ్రహ్మణ్యం ఎక్కువ దిగుబడినిచ్చే పొట్టి గోధుమ విత్తనాల మీద పందెం కాశారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం వచ్చింది. 1964–65లో 1.23 కోట్ల టన్నులున్న గోధుమ దిగుబడి ఐదేళ్ళలో 2 కోట్ల టన్నులు దాటింది.

సుబ్రహ్మణ్యం గారికి ఇవ్వాల్సింది మనసారా ఇస్తాను. మంత్రివర్గంలోనే వ్యతిరేకత ఉంది. విదేశీ విత్తనం నమ్ముకుని దేశం మునిగితే నింద పడేది ఆయన మీదే. అయినా తన ఢిల్లీ బంగళా ముందున్న పచ్చిక తీయించి ఆ గోధుమ వేయించారు. నింద మోయడానికి సిద్ధపడటం, దారికి అడ్డు తీయడం, తెలిసినవాళ్ళను నమ్మడం. నాయకుడు నిజంగా చేయగలిగింది ఈ మూడే, ఆయన మూడూ చేశారు. 1967 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. 1968లో గోధుమ విప్లవం పేరిట తపాలా బిళ్ళ విడుదలైన రోజున ఆయన మంత్రి కూడా కాదు.

ఇంతవరకూ చాలామంది ఒప్పుకుంటారు. ఇక్కడి నుంచి చాలామందికి నచ్చని లెక్క మొదలవుతుంది.

అదే కాలంలో పాకిస్తాన్ కూడా మెక్సికో విత్తనం తెప్పించింది. 1967లో 42,000 టన్నులు, మనం తెచ్చినదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అక్కడ శాస్త్రి లేరు, సుబ్రహ్మణ్యం లేరు, ఎన్నికైన పార్లమెంటు మాట చెల్లే వ్యవస్థా లేదు. ఉన్నది అయూబ్ ఖాన్ అనే సైనిక పాలకుడు, ఆయన కూడా 1969లో దిగిపోయారు. 1965లో 46 లక్షల టన్నులున్న వాళ్ళ గోధుమ దిగుబడి 1970కి 73 లక్షల టన్నులైంది. శాతాల్లో చూడండి. మనది అరవై చిల్లర, వాళ్ళది అరవైకి ఒక్కటి తక్కువ. నాయకుడు వేరు, పాలన వేరు, జెండా వేరు, మధ్యలో 1965 యుద్ధం కూడా జరిగింది. పంట మాత్రం దాదాపు ఒకేలా పెరిగింది. రెండు వైపులా ఉన్నది ఆ పొట్టి గోధుమ, సింధు పరివాహకంలోని పాత కాలవలు, పంజాబీ రైతు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఒకే ప్రధాని, ఒకే మంత్రి, ఒకే విధానం ఉన్న మన దేశంలోనే పంజాబ్ గాదెలు నిండిన రోజులకు కాస్త ముందు, 1966–67లో బిహార్ కరువుతో అల్లాడింది. తర్వాత కూడా చాలా ఏళ్ళు హరిత విప్లవం బిహార్ గడప తొక్కలేదు. పంజాబ్‌లో కాలవలున్నాయి, బోర్లున్నాయి, ముక్కలైన కమతాలను అప్పటికే ఒకచోట చేర్చారు. బిహార్‌లో చాలాచోట్ల అవి లేవు. నాయకుడు మారినా ఫలితం మారలేదు, నాయకుడు ఒక్కరే అయినా ఫలితం ఒక్కటి కాలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకున్నాక కూడా విజయమంతా ఢిల్లీలోని ఒక కుర్చీకి రాసిచ్చేవాళ్ళను నేను అర్థం చేసుకోలేను.

మన గోదావరి దగ్గరకు రండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. ఇండోనేసియా వరికి తైవాన్ పొట్టి వరిని కలిపి చేసిన వంగడం అది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు దాన్ని వేశారు. పండించడంతో ఆగకుండా విత్తనం చేసి పంచారు. ఆయనకు మిస్టర్ ఐఆర్-8 అని పేరే పడిపోయింది. ఆరు నెలల పంటకు అలవాటైన పొలంలో నాలుగు నెలలకే కోత పడింది. ఎరువు వేస్తే నేలకు ఒరిగిపోయే పొడుగు వరి పోయి, ఎంత వేసినా నిలబడే పొట్టి వరి వచ్చింది. మా మామ్మకు మాత్రం ఆ బియ్యం నచ్చలేదు. గింజ సుద్దలా ఉంటుందని, నూకలెక్కువని, అన్నం చల్లారితే రాయిలా అవుతుందని, పాత అక్కుళ్ళ వడ్ల రుచి ఎక్కడని చివరిదాకా అంటూనే ఉండేది. అంటూనే వండి ఇంటిల్లిపాదికీ పెట్టింది. మొదటిసారి ఏడాది పొడవునా గాదెలో ధాన్యం ఉన్నది ఆ రోజుల్లోనే అని కూడా తనే చెప్పేది.

ఆచంట పొలానికి ఆ నీళ్ళు ఎక్కడివి? ధవళేశ్వరం ఆనకట్టవి. కాటన్ దాన్ని 1852 నాటికి పూర్తి చేశాడు. అంటే 1967లో గోదావరిలో కోసిన పంటకు నూట పదిహేనేళ్ళ కిందటి ఒక ఇంజనీరూ, అతని కింద రాళ్ళు మోసిన వేలమంది కూలీలూ కూడా వాటాదారులే. ఆ ఏడాది ఎవరు ప్రధాని అన్నది ఈ లెక్కలో ఎన్నో వరుసలో వస్తుంది?

నన్ను అన్నిటికంటే కదిలించేది మార్టేరు, బాపట్ల పరిశోధన కేంద్రాల కథ. మార్టేరు కేంద్రం 1925లో మొదలైంది. అక్కడి నుంచి 1982లో స్వర్ణ అనే వరి వంగడం వచ్చింది, దాని నంబరు ఎంటీయూ 7029. బెంగాల్, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ పొలాలను అది ఆక్రమించింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కూ పోయింది. ఒడిశాకు చెందిన ఒక పాత వరిలోని ముంపును తట్టుకునే గుణాన్ని దానిలో చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. అది రెండు వారాల దాకా నీటిలో మునిగినా బతుకుతుంది. బాపట్ల 1986లో సాంబ మసూరి ఇచ్చింది. దేశమంతా బీపీటీ అంటే చాలు, సన్నబియ్యమని అర్థం. ఆ పేరులోని మసూరి కూడా మలేసియా వరిది.

ఒక వంగడం ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూసినవాళ్ళకు నాయకుల హోర్డింగులు వేరేగా కనిపిస్తాయి. వరి పువ్వు తెరుచుకునే లోపు, దాని చిట్టి కొన కత్తిరించి, చిన్న పట్టకారుతో ఆరు కేసరాలూ ఒక్కొక్కటిగా లాగేయాలి. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తనంత తానే ఫలదీకరణం చెందిపోతుంది. తర్వాత రెండో రకం కంకి తెచ్చి దానిమీద పుప్పొడి దులిపి, కాగితం సంచి తొడిగి, తేదీ రాసి కట్టాలి. ఆ గింజలు మొలిపించి, వాటి పిల్లల్ని, ఆ పిల్లల పిల్లల్ని మడుల్లో వేసి, వేల మొక్కల్లో పనికిరానివి పీకేస్తూ పోవాలి. రుచి చూడాలి, తెగులు చూడాలి, మిల్లాడించి చూడాలి. పదేళ్ళు మామూలుగా పడుతుంది. అంటే ఒక ప్రభుత్వం ఐదేళ్ళలో ఒక్క వరి వంగడం కూడా మొదలుపెట్టి పూర్తిచేయలేదు. స్వర్ణ గింజ మొదట ఎవరి హయాంలో కలిపారో, ఎవరి హయాంలో విడుదలైందో ఎవరూ అడగరు. అడగకపోవడమే సరైనది. మిగతా విజయాలకూ ఆ మర్యాద ఎందుకు లేదన్నదే నా బాధ.

నాయకుడు లేకపోతే ఇవేవీ జరగవని వాదించేవాళ్ళున్నారు. విత్తనం దిగుమతికి సంతకం పెట్టింది ఎవరు, భారత ఆహార సంస్థ ఎఫ్‌సీఐ పెట్టి మద్దతు ధరకు కొన్నది ఎవరు, సంస్కరణలు తెచ్చిన డెంగ్ షియావోపింగ్ లేని చైనాను ఊహించగలమా అంటారు. సరే, చైనానే చూద్దాం. 1958 నుంచి 1961 వరకు అక్కడ కోట్లమంది ఆకలితో చనిపోయారు. నారు దగ్గర దగ్గరగా నాటండి, పంట రెట్టింపవుతుంది అని పై నుంచి, అప్పటి నాయకుడు మావో నుంచి ఆదేశం వచ్చింది. కాదనే ధైర్యం ఎవరికీ లేక కింది అధికారులు లేని దిగుబడులు రాసి పంపారు. ఆ లెక్కల ప్రకారం ధాన్యం లాక్కెళ్ళారు. ఒక్క మనిషి మాటకు ఎదురు లేకపోతే ఎంత నాశనం జరుగుతుందో అది చూపించింది. ఇక కోలుకోవడం ఎక్కడ మొదలైంది? 1978 చలికాలంలో అన్‌హుయ్ రాష్ట్రం షియావ్‌గాంగ్ అనే ఊళ్ళో పద్దెనిమిది మంది రైతులు రాత్రిపూట ఒక గుడిసెలో చేరి, ఉమ్మడి భూమిని రహస్యంగా పంచుకుంటూ ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. బయటపడితే జైలు. ఎవరినైనా పట్టుకుపోతే వాళ్ళ పిల్లల్ని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మిగతావాళ్ళు పెంచాలని కూడా రాసుకున్నారు. పంట విరగపండింది. డెంగ్ చేసిన మంచి పని, వాళ్ళను పట్టుకోకపోవడం, తర్వాత వాళ్ళ దారిని ఒప్పుకోవడం. అది చిన్న విషయం కాదు. కానీ ఆ కాగితం మీద ఉన్న వేలిముద్రల్లో ఆయనది లేదు.

చెడగొట్టడానికి ఒక్కడు చాలు, కట్టడానికి చాలడు. అందుకే నాయకుణ్ణి కొలిచేటప్పుడు ఏం తెచ్చాడన్న దానికంటే దేన్ని నాశనం చేయకుండా ఉన్నాడన్నది ముందు చూడాలంటాను. మార్టేరు లాంటి కేంద్రాల్లో శాస్త్రవేత్తల పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటున్నాయి. వ్యవసాయ పరిశోధనకు మనం పెట్టే ఖర్చు వ్యవసాయ జీడీపీలో ఒక్క శాతం కూడా లేదు. ఇన్ని కోట్ల టన్నుల ఆహారధాన్యాలు పండించామని ప్రతి ప్రభుత్వం చెప్పుకుంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాతి పంటకు విత్తనం ఎక్కడ తయారవుతోందో ఎవరూ చెప్పరు.

పేరు ఎవరిదో ఫలితం వాళ్ళదే అనే ఈ అలవాటు పొలం గట్టు దాకా పాకింది. ఉచిత రేషన్ సంచుల మీద ప్రధాని బొమ్మ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు తాతల నాటి భూమికి ఇచ్చిన పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని తీసి రాజముద్ర పెట్టారు. మంచిదే. అయితే ఆ పాసుపుస్తకం లోపల ఉన్న పేరు సంగతేమిటి? గోదావరి డెల్టాలో సాగు చేసేవాళ్ళలో ఎక్కువమంది కౌలు రైతులు. దుక్కి వాళ్ళది, ఊడ్పులు వాళ్ళవి, అప్పు వాళ్ళది. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చింది, డబ్బు పట్టాదారుకు పడింది. కేంద్రం 2019లో పీఎం కిసాన్ తెచ్చింది, అదీ భూమి ఉన్నవాళ్ళకే. ఆంధ్రప్రదేశ్ 2019లో కౌలు రైతుకు కార్డు ఇచ్చే చట్టం చేసింది, కానీ దానికి భూయజమాని ఒప్పుకోవాలి. ఎక్కడ భూమి పోతుందోనని చాలామంది సంతకం పెట్టరు. మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు, మూడింటికీ పండించినవాడు కనపడలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు మాత్రం అందరికీ కనపడ్డాడు.

సాగుచేసే మనిషి పేరు రాయడానికి యజమాని సంతకం అక్కర్లేకుండా చట్టం మార్చాలి. గ్రామసభలో నలుగురు చెబితే తేలిపోయే నిజం అది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వారం తర్వాత మా ఊరు వెళ్ళాను. రోడ్డు పొడవునా తడిసిన ధాన్యం. ఐదెకరాలు కౌలుకు చేస్తున్న ఒకాయన మొలకలొచ్చిన గింజల్ని కాలితో తిరగేస్తూ ఉన్నాడు. భార్య టార్పాలిన్ చివర కూర్చుని ముక్కిపోయినవి ఏరుతోంది. నష్టం రాసుకెళ్ళారా బాబాయ్ అని అడిగాను. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. పంట స్వర్ణ, ఎంటీయూ 7029 అని సరిగ్గానే రాశారు. సర్వే నంబరు సరిగ్గానే ఉంది. ఎకరాలు సరిగ్గానే ఉన్నాయి. రైతు పేరు అని ఉన్నచోట హైదరాబాద్‌లో ఉంటున్న ఆసామి పేరుంది.