నిరుటి ప్రాజెక్టులకూ ఒక బల్ల వేయండి

నేల తేమను కొలిచే పరికరం లేని కళాశాల సాంకేతిక ప్రదర్శన ఈమధ్య అరుదు. గ్లాసులో మట్టి పోసి, రెండు కాళ్ల సెన్సర్ గుచ్చి, పైనుంచి నీళ్లు పోస్తారు. చిన్న మోటారు ఆగుతుంది, తెర మీద అంకె మారుతుంది, అతిథులు చప్పట్లు కొడతారు. ఆ పిల్లలు రాత్రుళ్లు మేలుకొని చేసిన పని అది, చప్పట్లకు అర్హమైనదే. అయితే అదే సెన్సర్‌ను కరెంటు ఆపకుండా తడి మట్టిలో ఉంచితే కొద్ది వారాల్లోనే దాని లోహపు పూత కరిగిపోతుంది. అప్పుడది తడిగా ఉన్న వంగ మడిని కూడా ఎండిపోయిందని చెప్పి మోటారును తిప్పుతూనే ఉంటుంది. లోహం బయటికి కనిపించని కెపాసిటివ్ సెన్సర్ వాడితే, కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఈ సంగతి విద్యార్థికి తెలియాల్సింది మడిలో, నాలుగో వారంలో. అప్పటికి ప్రాజెక్టు విప్పేసి బోర్డులు ల్యాబుకు అప్పగించి ఉంటారు. మరుసటి ఏడు జూనియర్లు మళ్లీ అదే గ్లాసు, అదే మట్టితో మొదలుపెడతారు.

ఒడిశా సరిహద్దులో విద్యాసంస్థలకు కొదవ లేదు. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది, 2016లో ఐసర్ (కేంద్రం నడిపే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ) వచ్చింది. కోరాపుట్‌లో 2009 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం నడుస్తోంది. పర్లాకిమిడిలోనూ ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్ల పిల్లలు చదువుకోవడానికి దూరం పోవాల్సిన అవసరం తగ్గింది. లోటల్లా కొనసాగింపులోనే. అందుకే నా మాట ఒక్కటే: ప్రదర్శనలో సగం బల్లలు కిందటేడాది ప్రాజెక్టులకు కేటాయించాలి. ఏడాదిపాటు ఏదో ఒక ఊళ్లో పనిచేసి, పాడై, బాగుపడి వచ్చిన పరికరానికే పెద్ద బహుమతి దక్కాలి.

ఈ ప్రాంతానికి ఇది మరీ అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అటుపక్క గజపతి జిల్లా బరఘరలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఇంటర్నెట్ ఉంటేనే హెచ్చరిక పంపగల పరికరం అలాంటి రాత్రి దేనికి పనికొస్తుంది? టవరు పడిపోయినా కొండ మీంచి కిందికి సంకేతం పంపగల తక్కువ విద్యుత్తు రేడియోలు ఉన్నాయి, వాటి ధర కళాశాలలకు భారం కాదు. కానీ వర్షాకాలం మొత్తం కొండ మీద నిలబెట్టి చూడకుండా అవి నిలుస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు. హాలులో వాన కురవదు కదా. పొలాల మీదికొచ్చే ఏనుగుల్ని పసిగట్టే కెమెరాలకూ, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతుల్ని పెంకులోని నూనె కాల్చకుండా కాపాడే సాధనాలకూ ఇదే వర్తిస్తుంది. చేతికి తొడుగు వేస్తే పిక్కలు కొట్టే వేగం తగ్గుతుందా, తగ్గితే ఆ రోజు కూలి ఎంత పోతుంది? దీనికి జవాబు బల్ల దగ్గర నిలబడ్డ న్యాయనిర్ణేతకు తెలియదు, ఆ పని చేసే మనిషికి తెలుసు. ఆమెను కూడా న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టాలి.

ఎదురుగా ఉన్న మనుషులతో ఏళ్ల తరబడి కలిసి పనిచేయడమంటే ఏమిటో ఈ నేలకు కొత్తగా నేర్పక్కర్లేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ కృషి ఫలితంగా సవర భాషా వివరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మంగయి గొమాంగో 1936లో కూర్చిన సవర లిపికి 2012లో యూనికోడ్‌లోనూ చోటు దొరికింది. అయినా కొండ మీది రైతుతో ఇంగ్లీషులో మాట్లాడే యాప్‌నే మనం ఇంకా ప్రదర్శిస్తున్నాం. తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించే ఊళ్లలో చదివే పిల్లల కంటే ఈ పనికి తగినవారు ఎవరున్నారు?

విద్యార్థి నేర్చుకోవడమే ముఖ్యం, పరికరం వాడుకలోకి రావడం కాదని కొందరు అధ్యాపకులు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. నాలుగేళ్లలో వెళ్లిపోయే పిల్లల మీద ఊరి బాధ్యతంతా మోపకూడదు. అయితే తాను చేసిన వస్తువు ఎందుకు పాడైందో చూడని వాడి చదువు సగమే పూర్తయినట్టు. నాలుగో ఏడాది జట్టు వెళ్లేముందు పరికరాన్ని, దాని లోపాల పుస్తకాన్ని మూడో ఏడాది జట్టుకు అప్పగించాలి, ఆ అప్పగింతకు మార్కులుండాలి. మరమ్మతు సామానుకు, బస్సు చార్జీలకు శాఖ బడ్జెట్‌లో ఒక పద్దు రాయాలి. వేదిక అలంకరణకు, జ్ఞాపికలకు, శాలువాలకు పెట్టే ఖర్చులోంచి కొంత తీసి ఈ పద్దులో వేసినా మొదటి ఏడు గడుస్తుంది.