ఫైలు మోసేవాళ్ళమా?

మా బంధువుల గ్రూపులో ఈ వారం మూడుసార్లు వచ్చిన సందేశం ఇది: “ఫిజిషియన్ అసిస్టెంట్ కోర్సుకు గుర్తింపు లేదు. అది అమెరికా చదువు, ఇక్కడ చెల్లదు. పని డాక్టర్ వెనక ఫైలు మోయడమే. ఒక్కటే లాభం, బస్తీలో చిన్న క్లినిక్ పెట్టుకుని పేదలకు సేవ చేసుకోవచ్చు.” మూడోసారి పంపింది మా మేనత్త. ఆవిడ మనవరాలు ఆ కోర్సులో చేరాలనుకుంటోంది. హైదరాబాదులో గుండె శస్త్రచికిత్స విభాగంలో తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నది, డాక్టర్ల పర్యవేక్షణలో వైద్యానికి సాయపడే ఈ ఉద్యోగమే.

గుర్తింపు సంగతి చిన్నదే. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం పార్లమెంటు 2021లో చేసిన చట్టం షెడ్యూలులో మా వృత్తి కూడా ఉంది. అంతమాత్రాన బోర్డు కట్టిన ప్రతి కాలేజీ మంచిదైపోదు. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలోనో అడగకుండా ఫీజు కట్టకండి.

అమెరికాలో పుట్టిన మాట నిజమే. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవారితో మొదలైంది. కానీ మద్రాసులో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ 1992లోనే ఈ శిక్షణ ప్రారంభించారు. ఈ సందేశం రాసినవారు అప్పటికి పుట్టారో లేదో.

ఇక ఫైలు. మోస్తాం, అందులో సిగ్గేమీ లేదు. అయితే ఆ ఫైలులో ఉన్నదాంట్లో చాలా భాగం మేము రోగి పక్కన కూర్చుని రాబట్టినదే. బైపాస్ కోసం చేరిన మనిషిని రక్తం పలచన చేసే మాత్ర ఎప్పుడు ఆపారని అడుగుతాను. “ఐదు రోజులైంది” అంటాడు. అతని భార్య నన్ను వరండాలోకి పిలిచి, “భయపడి నిన్న కూడా వేసుకున్నారు” అంటుంది. ఆ ఒక్క మాటతో ఆపరేషన్ వాయిదా పడవచ్చు. ఆపరేషన్ రోజున సర్జన్ ఛాతీ దగ్గర ఉంటే, బైపాస్‌కు కావలసిన రక్తనాళాన్ని కాలి నుంచి తీసేది చాలాచోట్ల మావాళ్ళే. డిశ్చార్జి కాగితాన్ని ఇంటివాళ్ళకు తెలుగులో విడమరచి చెప్పడమూ మా పనే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది క్లినిక్ పెట్టుకోవచ్చన్న ఆ చివరి వాక్యం, తిట్టులా కాక దీవెనలా ఉంది గనుక. అమెరికాలో మావాళ్ళు మందులు రాస్తారు. ఇక్కడ సొంతంగా రాయకూడదు. నమోదైన డాక్టర్ కాకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ హద్దు ఉండాలనే నేనంటాను.

సేవకు క్లినిక్ ఎందుకు? లోహపు కవాటం అమర్చినవారు జీవితాంతం రక్తం పలచబడే మందు వాడాలి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. మందు మానేస్తే కవాటం మీద రక్తం గడ్డకట్టవచ్చు. కూలికి పోయేవాళ్ళు పరీక్ష మానేస్తే ఫోను చేసి పిలిపిస్తాం. ఆదివారాలు బస్తీ శిబిరాలకు వెళ్తాం. నిజం చెప్పాలంటే వాటిలో కొన్ని బ్యానరు కోసం జరిగేవే: బీపీ చూసి, ఫోటో దిగి, వెళ్ళిపోతారు. అందుకే మేము బీపీ ఎక్కువున్నవారి పేర్లు చిట్టా రాసుకుని, మరుసటి వారం బస్తీ దవాఖానాకు వెళ్ళారా లేదా అని ఇంటింటికీ తిరిగి అడుగుతాం. అత్తయ్యా, వచ్చే ఆదివారం మనవరాలిని ఆ చిట్టా రాయడానికి పంపించు.